180 టన్నుల ఐసు, నాలుగు నెలల సముద్రం: ఎక్కడ ఎంత కరిగింది, ఎందుకు కరిగింది

కేసు ఇది. 1833 మే నెలలో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి టస్కనీ అనే ఓడ కలకత్తాకు బయల్దేరింది. దాని కడుపులో 180 టన్నుల ఐసు. యంత్రంలో తయారైన ఐసు కాదు, చలికాలంలో చెరువు గడ్డకడితే కోసి తెచ్చింది. ఓడ అట్లాంటిక్ వెంట దక్షిణానికి దిగి, ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి, మళ్ళీ పైకెక్కి బంగాళాఖాతంలోకి రావాలి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. సముద్రంలో 60 టన్నులు, హుగ్లీ నదిలో పైకి వచ్చేటప్పుడు 20 టన్నులు పోయాయి.

ఈ కథ చదివినవాళ్ళందరూ 100 టన్నులు మిగిలినందుకు ఆశ్చర్యపోతారు. కోల్డ్ స్టోరేజీ పని తెలిసినవాళ్ళ కన్ను మాత్రం ఆఖరి 20 టన్నుల మీద పడుతుంది. నాలుగు నెలల్లో 60 పోగా, నదిలో గడిచిన కొద్ది రోజుల్లోనే 20 ఎలా పోయింది? ఈ కేసులో తేల్చాల్సింది అదే.

కోత

సరుకు యజమాని ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ వ్యాపారి. అతనికి ఐసు సరఫరా చేసిన ముఖ్యమైన చెరువుల్లో ఒకటి బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్ దగ్గరి ఫ్రెష్ పాండ్. అక్కడ కోత పనిని ఒక పద్ధతిలో పెట్టినవాడు నథానియల్ వైయెత్. 1825 ప్రాంతంలో అతను తయారుచేసిన గుర్రపు ఐసు కోత పరికరం రాకముందు గొడ్డళ్ళతో, చేతి రంపాలతో వంకర టింకర ముక్కలు కోసేవారు. వంకర ముక్కల్ని పేరిస్తే మధ్యలో సందులు మిగులుతాయి. సందుల్లో గాలి తిరిగితే కరుగుడు మొదలవుతుంది. అందుకే వైయెత్ పరికరం వల్ల వచ్చిన అసలు లాభం కూలీ ఖర్చు తగ్గడం కన్నా గడ్డలన్నీ ఒకే కొలతకు రావడమే అని నా లెక్క.

గడ్డ మీద మంచు పొడి పడితే ముందు దాన్ని గీకేయాలి. చూడటానికి చల్లగా ఉంటుంది గానీ ఆ పొడి మంచు దుప్పటి లాంటిది, కింది నీటి వేడిని పైకి పోనివ్వదు, గడ్డ మందం పెరగదు. పైగా గడ్డ ఎంత మందమైతే అంత నెమ్మదిగా పెరుగుతుంది. అదే చలిలో 6 అంగుళాలు కట్టడానికి పట్టిన కాలానికి నాలుగు రెట్లు పడితే గానీ 12 అంగుళాలు కట్టదు. కాబట్టి గుర్రపు గీకుడు బల్లలతో చెరువంతా శుభ్రం చేయడం కోత కన్నా ముందే, వారాల తరబడి సాగే పని. గుర్రాలు తిరిగిన చోట పేడ పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు ఎత్తడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండాల్సిందే, అది తాగే నీళ్ళలో వేసే సరుకు మరి.

మందం చూడటానికి అక్కడక్కడా తొలిచి కొలుస్తారు. మందం ఒక అడుగుకు వచ్చాక గీతలు గీయడం మొదలు. తాడు లాగి, పలక ఆనించి, మొదటి గీత తిన్నగా వేస్తారు. ఆ తర్వాత వచ్చేది రెండు పళ్ళ వరసలున్న ఇనుప పరికరం. ఒక వరస పాత గీతలో నడుస్తుంది, రెండోది దానికి సమాన దూరంలో కొత్త గీత కోస్తుంది. గొర్రుతో సాళ్ళు తోలినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నిలువు గీతలయ్యాక అడ్డ గీతలు. మిరప నాటేముందు పొలమంతా నిలువూ అడ్డమూ అచ్చు తోలినట్టు చెరువంతా గళ్ళు పడుతుంది. మొదటి గీత వంకర పోతే ఆ వంకర చెరువు అవతలి గట్టు దాకా సాగుతుంది, ఏ గడ్డా చదరంగా రాదు.

గీతల్లోనే ఐసు నాగలిని మళ్ళీ మళ్ళీ నడిపి, మందంలో మూడింట రెండు వంతుల లోతు దాకా కోస్తారు. పూర్తిగా కోయరు. కింద మిగిలిన పొరే మనుషుల్నీ గుర్రాల్నీ మోస్తుంది. ఒక అంచున రంపంతో కాలువ తెరిచి, గళ్ళ పలకల్ని పెద్ద తెప్పల్లా విడదీసి, కాలువలో తోసుకుపోతూ దారిలో గడ్డపారతో ఒక పోటు పొడిస్తే గీత వెంట ఠక్కున విరుగుతాయి.

ఇక్కడ చెడేవి రెండు. మొదటిది, కాలువ పక్కనున్న గీతల్లోకి నీరు ఎక్కి రాత్రికి మళ్ళీ గడ్డకడితే నిన్నటి దున్నకం అంతా వృథా. అందుకే పని ఆపే ముందు గీతల కొసల్ని ఐసు రజనుతో కూరి మూసేయాలి. రెండోది, గుర్రం మునగడం. పని గుర్రం మెడకు ముందే ఒక తాడు వేసి ఉంచేవారు. అది నీళ్ళలో పడితే ఆ తాడు బిగించి ఊపిరి బిగబట్టేలా చేస్తారు. లోపల గాలి నిలిచి గుర్రం తేలుతుంది, అప్పుడు పక్కకు లాగి గట్టెక్కిస్తారు. వెంటనే కంబళి కప్పి నడిపించాలి. వినడానికి క్రూరంగా ఉంటుంది గానీ గుర్రం బతికేది దానివల్లే.

22 అంగుళాల చదరం, అడుగు మందం గడ్డ ఒక్కోటీ సుమారు 87 కిలోలు తూగుతుంది. అడుగు మందం కట్టిన ఒక ఎకరా చెరువులో వెయ్యి టన్నుల పైచిలుకు సరుకు ఉన్నట్టు. అంటే టస్కనీకి ఎక్కించింది ఆరో వంతు ఎకరా కూడా కాదు.

నిల్వ

శీతకాలంలో కోసినది మే దాకా ఒడ్డునే నిలవాలి. ట్యూడర్ దీన్ని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాడు. 1806లో కరీబియన్ దీవి మార్టినిక్‌కు సుమారు 130 టన్నులు పంపినప్పుడు ఐసు చేరింది గానీ, దించుకోవడానికి అక్కడ ఐసు గిడ్డంగి లేదు. కొన్నవాళ్ళకు దాన్ని ఎలా ఉంచాలో తెలియదు. ఒకాయన ఎండలో ఇంటికి మోయించుకుపోయి గుమ్మం ముందు పళ్ళెంలో పెట్టి, కరిగిపోతోందని గొడవ చేశాడట. ఇంకొకాయన నీళ్ళ తొట్టిలో వేశాడు, మరొకాయన చెడిపోకుండా ఉప్పులో పెట్టాడు. ఊరగాయకు పనికొచ్చిన ఉపాయం ఐసుకు విషం. ఉప్పు తగిలితే ఐసు సున్నా డిగ్రీల కన్నా కిందే కరగడం మొదలుపెడుతుంది.

పదేళ్ళ తర్వాత క్యూబాలోని హవానాలో ట్యూడర్ కట్టించిన గిడ్డంగి కొలతలు చూస్తే పాఠం ఒంటబట్టినట్టు తెలుస్తుంది. బయట 25 అడుగుల చదరం, లోపల 19 అడుగుల చదరం, 16 అడుగుల ఎత్తు. అంటే చుట్టూ మూడేసి అడుగులు, రెండు గోడల మధ్య పొట్టు కూరడానికే. లోపల సుమారు 150 టన్నులు పడుతుంది. నాకు నచ్చింది మాత్రం గోడ కాదు, కొలిచే పద్ధతి. అడుగు తూము నుంచి కారే నీటిని గడియారం చేతిలో పెట్టుకుని కొలుస్తూ, తలుపు తీస్తే ఎంత, మూస్తే ఎంత, పైన పొట్టు పెంచితే ఎంత అని పోల్చుకునేవాడు. ఐసు గదికి ఇంతకన్నా మంచి మీటరు లేదు. గంటకు పది కిలోల నీరు కారుతోందంటే గదిలోకి దాదాపు 930 వాట్ల వేడి చొరబడుతున్నట్టే. ఇప్పటికీ ఐసు పెట్టెల్ని పరీక్షించడానికి ఇదే చాలు.

రంపపు పొట్టు అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు కలప కోత మిల్లుల్లో పారబోసే చెత్త. దాని బలమంతా కర్రలో లేదు, రజను మధ్య చిక్కుకుని కదలలేని గాలిలో ఉంది. తడిస్తే ఆ గాలి చోట నీరు చేరుతుంది, నీరు వేడిని గాలికన్నా ఇరవై రెట్లకు పైగా తేలిగ్గా పోనిస్తుంది. అందుకే పొట్టు ఎంత మందం అన్న ప్రశ్న కన్నా ఎంత పొడి అన్నదే ముందు అడగాలి. మన ఊళ్ళలో ఐసుగడ్డను పొట్టులో, గోనెపట్టాలో చుట్టి అమ్మినవాళ్ళు కింద ఇటుకలు పెట్టి నీరు జారేలా వాలు ఇచ్చేది ఇందుకే.

ఓడలో పేర్పు

టస్కనీలో ఓడ మధ్యభాగాన్ని చెక్కలతో వేరే గదిలా కట్టారు. చెక్కకూ ఓడ పక్కలకూ మధ్య అడుగు మందాన తోళ్ళు పదును చేయడానికి వాడే చెట్టు బెరడు పొడి కూరారు, పైన ఎండుగడ్డి దట్టించారు. గడ్డల్ని ఒకదానికొకటి ఆనించి, సందు లేకుండా ఒకే రాయిలా పేర్చారు.

ఎందుకలా అన్నది లెక్కలో చూడండి. ఒంటరి 87 కిలోల గడ్డకు బయటి మేను సుమారు 1.3 చదరపు మీటర్లు, అంటే టన్నుకు 15. అదే 180 టన్నుల దిమ్మకు మొత్తం మేను 200 చదరపు మీటర్ల చుట్టుపక్కల, టన్నుకు 1.1. వేడి దూరేది మేను గుండానే. అందువల్ల విడి గడ్డ కన్నా దిమ్మలోని టన్ను పదమూడు, పద్నాలుగు రెట్లు నెమ్మదిగా కరుగుతుంది. పది టన్నుల ఐసును ఇదే ఓడలో ఇంతే జాగ్రత్తగా పంపినా కలకత్తాకు చేరేది తడిసిన పొట్టే.

ఇప్పుడు 60 టన్నుల సంగతి. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. సముద్రంలో గడిచిన కాలం 115 రోజులనుకుంటే సగటున 2 కిలోవాట్ల వేడి లోపలికి దూరింది. మన ఇళ్ళలో స్నానానికి వాడే గీజరు ఒకటి రాత్రింబవళ్ళూ వేసి ఉంచినంత. 200 చదరపు మీటర్ల మేను, సగటున 22 డిగ్రీల తేడా, అడుగు మందం పొడి పొట్టు అనుకుంటే లెక్క ప్రకారం ఒక కిలోవాట్ దూరాలి. దూరింది దానికి రెట్టింపు. మిగతా సగం తడి పొట్టు, సందులు, అడుగు నీరు తిన్నదే అనుకోవాలి. 1833 నాటి చెక్క ఓడకు ఇది చెడ్డ ఫలితం కాదు.

కరిగిన నీటిని పంపులతో ఎప్పటికప్పుడు తోడాలి. తోడకపోతే మూడు నష్టాలు. దిమ్మ అడుగు భాగం నీళ్ళలో నానుతుంది, నీరు పొట్టులోకి ఎగబాకుతుంది, ఓడ ఒరిగినప్పుడు ఆ నీరంతా ఒక పక్కకు ఉరుకుతుంది. కెప్టెన్లు ఐసు సరుకంటే జంకడానికి కారణం చివరిదే. అయినా ఒప్పుకున్నారు. బోస్టన్ నుంచి ఇండియాకు వెళ్ళే ఓడలకు తీసుకుపోయే సరుకు పెద్దగా ఉండేది కాదు. ఓడ నిలకడ కోసం రాళ్ళు వేసుకుపోయేవి. రాళ్ళ బదులు ఐసు వేస్తే ఆ బరువుకే కిరాయి వస్తుంది. ఈ వ్యాపారం మొత్తం నిలబడింది ఈ ఒక్క లెక్క మీదే.

నదిలో పోయిన 20 టన్నులు

నదిలో వారం పట్టిందనుకుందాం. 20 టన్నులు వారంలో అంటే రోజుకు మూడు టన్నుల దగ్గర. వేడిగా చూస్తే 11 కిలోవాట్లు. సముద్రంలో ఒక గీజరు, నదిలో అయిదారు. సెప్టెంబరు బెంగాలు వేడిగా ఉంటుంది నిజమే, కానీ అంతకు ముందు దాటిన హిందూ మహాసముద్రం ఏమీ చల్లనిది కాదు. వాతావరణం ఒక్కటే అయిదు రెట్లు పెంచలేదు.

నా అభిప్రాయంలో అసలు కారణం దిమ్మ కుంచించుకుపోవడం. మూడో వంతు కరిగేసరికి దిమ్మ నాలుగు పక్కలా గోడల నుంచి లోపలికి జరుగుతుంది, పైన కిందికి కుంగుతుంది. పైన దట్టించిన గడ్డి ఆ ఖాళీలోకి జారుతుంది, పై భాగంలో గోడ వెంట గుల్ల ఏర్పడుతుంది. ఆ గుల్లలో చల్లగాలి దిగుతూ, వేడిగాలి ఎక్కుతూ తిరగడం మొదలవుతుంది. బయల్దేరినప్పుడు ఉన్న అడుగు మందం కవచం చివరి రోజుల్లో పేరుకే ఉంటుంది. దానికి తోడు నాలుగు నెలల తడి. మూడోది, రేవు దగ్గరపడ్డాక చూడటానికో, చూపించడానికో మూత తీస్తారు. ఐసు గదికి మూత తీసిన ప్రతిసారీ లోపలి గాలి మొత్తం మారినట్టే. తేమ గాలి ఐసు మీద నీరై చెమర్చుతుంది, ఆ చెమర్చడం విడిచే వేడి కూడా ఐసు నెత్తినే. కిలో తేమ నీరుగా మారితే ఏడు కిలోల ఐసు కరుగుతుంది. వానాకాలపు బెంగాలులో ఇది చిన్న ఖర్చు కాదు.

మన చేపల రేవుల్లోనూ ఇదే కనిపిస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో వేటకు వెళ్ళే బోటులో ఐసు తొలి రోజుల్లో బాగానే నిలుస్తుంది. సగం ఖాళీ అయిన అరలో మిగిలిన ఐసే తొందరగా పోతుంది. ఖాళీ అయిన చోట మళ్ళీ ఏదో ఒకటి కూరి గాలి ఆడకుండా చేయడం తప్ప మందు లేదు.

కలకత్తాలో దించడం మాత్రం సరిగా జరిగింది. సుంకం మాఫీ చేశారు, సుంకపు తనిఖీల కోసం పగటిపూట దాకా ఆగకుండా రాత్రి దించుకోవడానికి అనుమతి ఇచ్చారు. గవర్నర్ జనరల్ విలియం బెంటింక్, ఓడతో వచ్చిన ప్రతినిధి రోజర్స్‌కు బంగారు పూత పూసిన వెండి కప్పు బహూకరించాడు. కప్పు సంగతి అలా ఉంచి, రాత్రి అనుమతి విలువ ఎక్కువ.

పోటీ సరుకు

ఐసు అంటే ఏమిటో కలకత్తాకు అంతకు ముందే తెలుసు. హుగ్లీ వైపు చలికాలంలో నేల మీదే ఐసు పండించేవారు. అలహాబాదు దగ్గర వాడిన ఇదే పద్ధతిని రాబర్ట్ బార్కర్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1775లో వివరంగా రాశాడు. 30 అడుగుల చదరం, రెండడుగుల లోతు గుంత. అడుగున 8 అంగుళాల నుంచి అడుగు మందాన ఎండు చెరుకు లేదా మొక్కజొన్న చొప్ప. దాని మీద వరసగా పల్చని మట్టి మూకుళ్ళు, లోతు అంగుళంపావు. కాచి చల్లార్చిన నీళ్ళు పొద్దుగూకాక పోసి, తెల్లారకముందే ఐసు పెచ్చులు ఎత్తుకోవాలి. మట్టి మూకుడు చెమర్చి ఆవిరి కావడం ఒక వైపు, నిర్మలమైన ఆకాశానికి వేడిని వదలడం ఇంకో వైపు. చొప్ప నేల వేడిని ఆపుతుంది. మబ్బు పట్టినా, గాలి వీచినా ఆ రాత్రి పంట పోయినట్టే. వచ్చేది పల్చని పెచ్చు, మట్టి కలిసిన ముద్ద. మేను ఎక్కువ కాబట్టి నిలవదు. చెరువు గడ్డతో నాణ్యతలో పోటీ పడలేకపోయింది. మద్రాసు తీరంలో ఈ పద్ధతికి ఆస్కారమే లేదు. జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల దగ్గరే ఉండి, గాలి తేమగా ఉండే చోట మూకుట్లో నీళ్ళు చల్లబడతాయి తప్ప గడ్డకట్టవు.

మద్రాసులో అలల మీదుగా

1840ల్లో మద్రాసులో ట్యూడర్ ఐసు గిడ్డంగి వెలిసింది. కలకత్తాలో నది ఎంత ఇబ్బందో ఇక్కడ రేవు లేకపోవడం అంత ఇబ్బంది. ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తుంది. ఏ సరుకైనా మసూలా పడవలో విరిగే అలల మీదుగా రావాలి. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పలకల పడవ అది. అలకు ఒంగుతుంది, పగలదు. నీళ్ళు మాత్రం లోపలికి చిమ్ముతాయి.

ఐసుకు ఇది రెండు విధాల నష్టం. పడవలోకి ఎక్కగానే దిమ్మ విడి గడ్డలుగా మారుతుంది, టన్నుకు 1.1 చదరపు మీటర్ల మేను ఒక్కసారిగా 15 అవుతుంది. పైగా 28 డిగ్రీల సముద్రపు నీరు ఒక లీటరు పడితే మూడో వంతు కిలో ఐసు కరుగుతుంది. ఉప్పు అంటిన గడ్డ ఆ తర్వాతా నిలవదు, తాగే గ్లాసులో వేస్తే రుచీ పోతుంది. ఇలాంటి చోట చేయగలిగింది పడవ అడుగున చెక్కలు పరిచి గడ్డను నీటికి ఎత్తుగా ఉంచడం, పైన కంబళ్ళు కప్పడం, పొద్దెక్కకముందే ముగించడం, గిడ్డంగిని అలలకు వీలైనంత దగ్గరలో కట్టడం. చివరిది మద్రాసులో చేశారు. తిరువల్లిక్కేణి సముద్రపు ఒడ్డునే గిడ్డంగి ఉంది. ఇసుక దాటితే చాలు.

అక్కడి నుంచి ఇళ్ళకు చేరే ఐసు పరిమాణం పౌన్లలో (పౌను అంటే దాదాపు అర కిలో బరువు). కంబళి ముక్కలో చుట్టి నౌకరు మోసుకుపోయే నాలుగు పౌన్ల ముక్కకు బతుకు గంటల్లోనే. కాబట్టి కొన్నవాళ్ళు ఏ రోజుది ఆ రోజే తెప్పించుకోవాలి, గిడ్డంగి తలుపు రోజూ తెరవాలి. తలుపు ఎన్నిసార్లు తెరుస్తారో దాన్ని బట్టే లోపలి దిమ్మ ఆయుష్షు. అమ్మకానికి ఒక వేళ పెట్టి, ఆ పూటకు కావలసింది ఒకేసారి ముందు గదిలోకి తెచ్చుకుని, లోపలి తలుపు మూసి ముందు గదిలోంచి అమ్మడం దీనికి సరైన పద్ధతి. కోల్డ్ స్టోరేజీలకు ఈనాటికీ రెండు తలుపుల మధ్య చిన్న గది కడతారు, అందుకే.

1874లో మద్రాసులో, 1878లో బెంగాలులో ఐసు కంపెనీలు ఏర్పడి ఇక్కడే యంత్రాలతో ఐసు తయారవడం మొదలైంది. చెరువు ఐసు దిగుమతి నిలవలేకపోయింది. మద్రాసు గిడ్డంగిని తర్వాత బిళిగిరి అయ్యంగార్ అనే వకీలు కొన్నారు. 1897లో వివేకానందుడు అందులోనే బస చేశాడు, ఇప్పుడది వివేకానంద ఇల్లం. ఆ చుట్టుపక్కల పేటను చెన్నైలో ఇంకా ఐస్‌హౌస్ అనే పిలుస్తారు. అయ్యంగార్ దాన్ని మనుషులు ఉండే ఇల్లుగా మార్చడానికి కొత్తగా కిటికీలు తెరిపించి, వరండాలు కట్టించాల్సి వచ్చింది.